ఎంక్వైరీ సదానందం ర్యాంపు

మా సరోవర్ నగర్‌లో సరోవరం లేదు. ఒకప్పుడు ఉండేది. దాన్ని మట్టి పోసి పూడ్చి, ప్లాట్లు చేసి అమ్ముకుని, పోయిన తాత పేరు మనవడికి పెట్టినట్టు దాని పేరు కాలనీకి పెట్టారు. వాన గట్టిగా పడ్డప్పుడల్లా ఆ చెరువు తన పాత ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. వచ్చినప్పుడు అందరి తలుపులూ తట్టదు. ఎవరి గడప ఎంత ఎత్తో చెరువుకు కూడా తెలుసు.

ఈ కాలనీలో పేపరు కంటే ముందు సదానందం వస్తాడు. రైల్వేలో ఎంక్వైరీ కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన మనిషి. కొలువంతా అద్దానికున్న చిన్న కంతలోంచే లోకాన్ని చూశాడు. బండి ఎప్పుడొస్తుందంటే "వస్తాంది" అనడం, ఎందుకు ఆలస్యమంటే "తెల్వది, ఎన్కకు జరుగు" అనడం, ఈ రెండు మాటల మీదే ఇల్లు కట్టాడు, కొడుకు భానుచందర్‌ను ఇంజనీరును చేశాడు. కొలువు పోయినా కౌంటర్ మాత్రం పోలేదు. తెల్లవారగానే పాల బూతు ముందు బెంచీ మీద కూర్చుంటాడు. పాల ప్యాకెట్‌కు తోడుగా ఇంటికో వార్త కట్టి పంపుతాడు.

"కిషన్ రావు కొత్త ఫ్రిజ్ తెచ్చిండు. పాతది తమ్మునికి ఇస్తనని ఆశవెట్టి అమ్ముకున్నడు."

"మూల మీది ఇంటి కోడలు ఆన్‌లైన్ల చీరె తెప్పిచ్చింది, కట్టుకొని ఫోటో దిగింది, వాపస్ పంపింది. ఎంత తెలివో సూడుండ్రి!"

ఇవే సంగతులు సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో గ్రాంథికం తొడుక్కుని వస్తాయి. సంఘానికి కార్యదర్శీ ఆయనే, గ్రూపుకు అడ్మినూ ఆయనే. వార్తల విషయంలో ఆయనకు ఒక నియమం ఉంది. పక్కింటి గోడ లోపలిది వార్త. తన గోడ లోపలిది సమాచారం. ఆ సమాచారం అందుబాటులో లేదు.

అలా అందుబాటులో లేని సమాచారాల్లో అన్నిటికంటే పెద్దది ఆయన ర్యాంపు. మూడేళ్ళ కింద భానుచందర్ కారు కొన్నప్పుడు రోడ్డు పక్క మురుగు మోరిని అడ్డంగా కప్పేసి కట్టించాడు. మీద గ్రానైటు, రెండు పక్కలా పూలకుండీలు, మధ్యలో 'ఇక్కడ బండ్లు పెట్టరాదు' అన్న బోర్డు. కింద మోరి నీళ్ళు పోవడానికి ఒక పైపు. ఆ పైపును చూస్తే నీళ్ళకు కూడా ఊపిరాడదు. కారు ఎక్కువగా ఇంట్లోనే కవరు కప్పుకుని పడుకుంటుంది. దాని నిద్ర చెడకుండా వీధి మురుగంతా ఆ ర్యాంపు దగ్గర ఆగి, పొంగి, రోడ్డెక్కి, పక్కింట్లోకి దిగుతుంది.

ఆ పక్కిల్లు సుకన్యది. ఆమె మిషను కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు. కాలనీలో మొదట లేచిన ఇళ్ళలో అదొకటి. కట్టినప్పుడు రోడ్డు కంటే ఎత్తుగానే ఉండేది. తర్వాత రోడ్డు మీద రోడ్డు వేశారు. వేసిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టారు, పాత పొరను ఒక్కసారీ తవ్వలేదు. ఇప్పుడు సుకన్య ఇంట్లోకి పోవాలంటే బావిలోకి దిగినట్టు దిగాలి.

సుకన్య కూడా సత్యహరిశ్చంద్రుడి చెల్లెలేమీ కాదు. సదానందం "వస్తాంది" అన్న బండీ, సుకన్య "గుండీలే మిగిలినయ్ అక్కా" అన్న జాకెట్టూ చెప్పిన రోజు వచ్చిన దాఖలా లేదు. కానీ చేతిలో పని ఉంది. కాలనీ పిల్లల యూనిఫాంలు, ఆడవాళ్ళ జాకెట్లు, పండగ లంగాలు అన్నీ ఆ పల్లపు ఇంట్లోంచే పైకి వస్తాయి.

ప్రతి ఏడూ మృగశిర కార్తె, మా మాటలో మిరుగం, రాకముందే సంఘం 'వానాకాలం సన్నాహక సమావేశం' పెడుతుంది. మిరుగం నాడు చేపలు ఎక్కడ చవక, పచ్చడి జాడీ మూత బిగించడమెట్లా వంటి ముఖ్యమైన సంగతులు తేలాక, ఈసారి మోరీల సంగతికి వచ్చారు. మట్టి తీయడానికి మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఉప్పలయ్య ఇనుప సలాక భుజాన పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఎవరూ కూర్చోమనలేదు.

"సదానందం సారూ, మీ ర్యాంపు కింది పైపు బందైంది. సలాక గూడ పోతలేదు. ర్యాంపు పలగ్గొడ్తెనే మోరి పారుతది," అన్నాడు.

"నువ్వు తియ్యాల్సింది మట్టి. ర్యాంపు మట్టి గాదు, గ్రానైటు," అన్నాడు సదానందం. అందరూ నవ్వారు.

సుకన్య లేచింది. "పోయినేడు నీళ్ళు మంచం మీదికొచ్చినయ్. మిషిను మోటరు కాలిపోయింది. ఈసారి గిట్ల మునిగితె నేను మిషిను అమ్ముకొని కూలికి పోవుడే సారూ. మీ కాల్మొక్త, ఆ ర్యాంపు జర తీపియ్యుండ్రి."

నవ్వులు ఆగాయి. అందరి ముఖాలూ జాలితో మెత్తబడ్డాయి. పోయినేడు నీళ్ళు వచ్చింది జూలైలో. అప్పటికి యూనిఫాంలన్నీ బడికి పోయి ఉన్నాయి. కాబట్టి ఆ వరద కాలనీకి వార్తే అయింది, నష్టం కాలేదు.

"బిడ్డా, నీ బాధ నా బాధ గాదా?" అన్నాడు సదానందం. "ర్యాంపు సంగతి పరిశీలనల ఉన్నది. అంతల్నే సంఘం తరఫున నీకు సాయం జేస్తాన."

ఆ సాయం రెండు ఖాళీ సిమెంటు సంచులు. ఇసుక నింపి గడపకు అడ్డం పెట్టుకోవాలట. ర్యాంపు కట్టగా మిగిలిన సంచులే అవి. ఒక కొస తను, ఒక కొస సుకన్య పట్టుకుని ఉండగా ఫోటో తీయించాడు. సాయంత్రం గ్రూపులో 'లోతట్టు ప్రాంత సోదరికి వరద సామగ్రి అందజేత' అని వచ్చింది. కింద దండం పెట్టే చేతులు వరస కట్టాయి. అన్ని చేతుల్లో ఒక్క చేతికైనా పార దొరికి ఉంటే మోరి ఆ రాత్రే పారేది.

రెండు రోజులు సుకన్య తల ఎత్తకుండా గుడ్డ కత్తిరించింది. మూడో పొద్దున పాల బూతు దగ్గర సదానందం ఒంటరిగా దొరికాడు.

"సారూ, ఒక్క ముచ్చట. ఎవ్వలకు చెప్పకుండ్రి."

"నా చెవుల వడితె బాయిల వడ్డట్టే బిడ్డా. చెప్పు."

"ఈసారి యూనిఫాంలు శాన ఒప్పుకున్న. అన్ని కత్తిరిచ్చిన. పెట్ట జాగ లేదు. అటుక మీద బియ్యమున్నయ్. గుడ్డంత కిందనే, బండల మీద పెట్టిన. మొగులు జూస్తె గుండె దడదడ కొట్టుకుంటాంది. తల్లులకు తెలిస్తె నన్ను బతకనియ్యరు. మీరు పెద్దమనిషని చెప్పుకుంటాన."

సదానందం తల పంకించాడు. మీటింగులో నలుగురి ముందు తన ర్యాంపును అన్న మనిషి, తనంతట తానే వచ్చి చేతికి చిక్కింది. చేతిలోని పాల ప్యాకెట్ చల్లదనం పోకముందే గ్రూపులో పడింది: 'తల్లిదండ్రులకు హెచ్చరిక! మన పిల్లల యూనిఫాంలు నేల మీద! టైలర్ నిర్లక్ష్యం! వాన వస్తే గతి ఏమిటి?'

కొలువంతా ఏ ప్రశ్నకూ సరైన జవాబివ్వని మనిషి, ఆ ఒక్క పొద్దున అవసరమైన ప్రశ్న తనే అడిగి కూర్చున్నాడు.

తల్లులు కదిలారు. బడులు తెరవడానికి వారం కూడా లేదు. మా పిల్లలు పోయే ప్రైవేటు బడిలో యూనిఫాం గుడ్డ బడి కౌంటర్లోనే, వాళ్ళు చెప్పిన ధరకే కొనాలి. తొలి రోజు తొడుక్కుని రాకపోతే గేటు బయటే. పాఠాలు రాకపోయినా లోపలికి రానిస్తారు గానీ గళ్ళ చొక్కా లేకుండా రానివ్వరు.

బ్యాంకులో పనిచేసే స్రవంతి ముందు దిగింది. పల్లపు ఇంట్లోకి ఆమె దిగడం అదే మొదలు.

"ఏం సుకన్యా, మా పిల్లల బట్టలు కింద పడేసినవంట? బుద్ధున్నదా?"

"బుద్ధున్నది స్రవంతక్కా, జాగనే లేదు."

"అయితె మాయి మాకిచ్చెయ్."

"తీస్కపోండ్రి. అన్ని ముక్కలే. ఏ చెయ్యి ఏ అంగిదో నాకే ఎరుక. కాశిబుగ్గ దాంక తిరిగినా ఈ వారంల కుట్టెటోడు దొర్కడు." సుకన్య మిషను ఆపలేదు. "ఇంకో పని జెయ్యొచ్చు. మీది పైఅంతస్తు గద. మిషిను, గుడ్డ, పిల్లలు, మా ఆయిన, అందరం మీ హాల్లకు వస్తం. వానలు ఎల్లినంక పోతం."

మోగని ఫోనును స్రవంతి చెవికి పెట్టుకుంది. వెనకున్న వాళ్ళు ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. 'మా ఇంటికి రా' అన్నవాళ్ళు లేరు. అందరి ఇళ్ళూ ఒక్కసారిగా ఇరుకైపోయాయి.

"మరేం జెయ్యమంటవ్?" అంది స్రవంతి ఫోను దించి.

"నేనేం జెప్ప అక్కా? మీటింగుల ఉప్పలయ్య జెప్పిండు గద. అందరు ఇన్నరు, నవ్విన్రు గూడ."

అంతవరకూ అది సుకన్య ఇల్లు ముంచే ర్యాంపు. దాని మీద కాలనీకి జాలి తప్ప అభిప్రాయం లేదు. ఇప్పుడు అది మా పిల్లల యూనిఫాంలు ముంచే ర్యాంపయింది. జాలి పోయి కోపం వచ్చింది. అదే మోరి, అవే నీళ్ళు.

గుంపు సదానందం గేటు ముందుకు వచ్చింది. ఆయన గేటు తీయలేదు. గేటుకు మనిషి ముఖమంత కిటికీ ఉంటుంది. అది తెరిచి, అలవాటైన భంగిమలో వంగి, "ఏంది?" అన్నాడు.

"ర్యాంపు ఎప్పుడు తీస్తరు?"

"తీస్తాన్లు."

"ఎప్పుడు?"

"తెల్వది. ఎన్కకు జరుగుండ్రి."

ఎవరూ వెనక్కి జరగలేదు. లోపలినుంచి ఆయన భార్య అనసూయ గొంతు వినిపించింది. ఆమె కాలనీ వార్తల్లో ఏనాడూ మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో ఒక్క రేడియో చాలని ఊరుకుంది.

"ఓ ఎంక్వైరీ! మన అక్షర బట్టలు గూడ ఆడనే ఉన్నయ్. రేపు మనుమరాలు గేటు బయట నిలవడితె, నీ గ్రానైటు తొడిగి తోలుతవా?"

కిటికీ మూసుకుంది. కాసేపటికి భానుచందర్ బయటికి వచ్చి ఉప్పలయ్యకు ఫోను చేశాడు.

ఆ మధ్యాహ్నం ఉప్పలయ్య సమ్మెట ఎత్తాడు. గ్రానైటు లేచింది, స్లాబు లేచింది, పైపు పగిలింది. దాని గొంతులోంచి సీసాలు, చిన్నపిల్లల డైపర్లు, ఒక చెప్పు వచ్చాయి. చివర్న గట్టిగా ఇరుక్కున్నదేదో రాకపోతే ఇద్దరు పట్టి లాగారు. చుట్టుకుపోయిన ఫ్లెక్సీ. విప్పితే 'పరిశుభ్ర కాలనీ మన బాధ్యత' అని అక్షరాలు, పక్కన చేతులు జోడించి సదానందం. బురదలో కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"సారూ, మిమ్మల్ని ఎల్లదీసిన," అన్నాడు ఉప్పలయ్య.

సాయంత్రం గ్రూపులో 'ప్రజల కోసం ర్యాంపు త్యాగం' అని వార్త వచ్చింది. సదానందం ఎదుటివాడి నష్టాన్ని ఎంత తొందరగా వార్త చేస్తాడో, తన నష్టాన్ని అంత తొందరగా త్యాగం చేస్తాడు.

మిరుగం చేపలు ఇంకా పొయ్యి మీద ఉండగానే వాన దిగింది. కాజీపేట వైపు నుంచి నల్లగా వచ్చి కొట్టింది. సుకన్య గడప మీద కూర్చుని మోరినే చూస్తోంది. నీళ్ళు ఎర్రగా, నురగతో వచ్చాయి. ర్యాంపు ఉన్నచోట ఒక్కసారి సుడి తిరిగాయి. ఆగకుండా ముందుకు పోయాయి. గడప మీది సిమెంటు సంచులకు చినుకులు తగిలాయంతే.

వాన తగ్గీతగ్గకముందే తల్లులు గొడుగులతో దిగారు. బండలు పొడిగా ఉన్నాయి. వాటి మీద గుడ్డ పీలిక కూడా లేదు. స్రవంతి తల ఎత్తింది. అటుక మీద, బియ్యం డబ్బాల పక్కన, ప్లాస్టిక్ సంచుల్లో మూతులు కట్టిన యూనిఫాంలు వరసగా కూర్చున్నాయి. వాటి కాళ్ళ దగ్గరకు వరద రావాలంటే కాలనీ సగం కొట్టుకుపోవాలి.

వార్త వాసనకు సదానందం కూడా వచ్చి ఉన్నాడు. "అబద్ధం! పచ్చి అబద్ధం! నా ర్యాంపు మీద కుట్ర!" అని అరిచాడు.

తల్లులకూ కోపం వచ్చింది. మూడేళ్ళు ఆమె ఇల్లు మునిగితే రాని కోపం, మునగలేదని తెలిసి వచ్చింది.

సుకన్య పళ్ళతో దారం కొరికి చెప్పింది: "సారూ, కొలువంత మీరు 'వస్తాంది, వస్తాంది' అంటిరి. చెప్పిన యాళ్ళకు ఎన్ని బండ్లు వచ్చినయ్? జనం ప్లాట్‌ఫారం మీద పండుకున్నరు గని, అబద్ధమాడినవని మిమ్ములను ఎవ్వలన్న అడిగిన్రా? నేను ఒక్కపారి ఆడిన. అదిగూడ ఎవ్వలకు చెప్పకుండ్రని జెప్పే ఆడిన."

గొడుగుల కింద ఎవరో నవ్వారు. సదానందం ఆ నవ్వు ఎవరిదో వెతికాడు. వెతికితే అనసూయ.

బడులు తెరిచిన రోజు కాలనీ పిల్లలంతా గళ్ళ చొక్కాల్లో లోపలికి పోయారు. అక్షర చొక్కాకు మాత్రం పిన్నీసులున్నాయి. గుండీలే మిగిలాయట.

వానలు నెమ్మదించాక సదానందం మేస్త్రీని పిలిపించాడు. ఈసారి పైపు ఇంకాస్త పెద్దది వేద్దామన్నాడు, అంటే బెత్తెడు. మేస్త్రీ టేపు పట్టుకుని మోరి మీదికి వంగేసరికి అనసూయ సంచి భుజానేసుకుని ఇంట్లోంచి వచ్చింది.

"ఓ మేస్త్రీ, లెవ్వు. నా బతుకమ్మ జాకెట్ల గుడ్డ సుకన్యకు ఇయ్యవోతాన. పట్టు గుడ్డ. కాలనీల అందరివి ఆడికే పోతానయ్. పండుగ దాంక వానలుంటయ్. దసరా ఎల్లినంక రా."

"దసరా ఎల్లినంక స్రవంతి ఆడిబిడ్డ పెండ్లున్నది గదనే," అన్నాడు సదానందం నీరసంగా. వార్త కదా, ఆయనకు తెలుసు.

"ఔ. ఆ జాకెట్లు గూడ ఆమెనే కుట్టేది," అంటూ అనసూయ పల్లపు ఇంటి మెట్లు దిగింది.

మేస్త్రీ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "మరి నేను ఎప్పుడు రావాలె సారూ?"

సదానందం గేటు లోపలికి పోయి, కిటికీ తెరిచి, వంగి, మోరి వైపు ఒకసారి చూశాడు.

"తెల్వది," అన్నాడు. ఆ మాట నిజంగా తెలియక అనడం ఆయనకు అదే మొదలు.