పాత స్తోత్రాలు చెల్లవు

ఆ రోజుల్లో మనుషులకు క్రమశిక్షణ ఉండేదని నా ఈడువారు అంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. ఉండేది కాదు, రాతపూర్వకమైన ఆధారాలు నా దగ్గర ఉన్నాయి. మలేషియా రేవుపట్టణం పోర్ట్ క్లాంగ్‌లో మా చిన్న తెలుగు క్రైస్తవ సంఘం ఒక విశ్వాసి ఇంటి ముందుగదిలో కూడుకునే కాలంలో, ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారో, ఎవరు ప్రార్థనలో గురక పెట్టారో, ఎవరు తమ చెప్పులు ఎవరి చెప్పులమీద విడిచారో నేనొక నల్ల అట్ట పుస్తకంలో రాసి పెట్టాను. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది. (చెదలు నాలుగు పేజీలు తినేశాయి. ఏ రోజున తిన్నాయో కూడా రాసుకున్నాను.) ఇరవై నాలుగేళ్ళ వయసులో అంత చక్కని దస్తూరీతో అంత అసంతృప్తిని పోగుచేసినవాడు ఈ దేశంలో మరొకడు ఉండడని నా నమ్మకం.

నేనప్పుడు రేవులోని ఒక గోదాములో గుమాస్తాను. ఓడ దిగిన పెట్టెలను విప్పించి చూసి ‘అందినది’, ‘అందనిది’, ‘పాడైనది’ అని గళ్ళలో గుర్తు పెట్టడం నా ఉద్యోగం. అటువంటివాడికి ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతల వేళ ఎంత నరకమో ఊహించండి. ఒక్కొక్కరూ లేచి, ఆ వారం దేవుడు చేసిన మేలు చెప్పి స్తోత్రం చెల్లించడం మా పద్ధతి. చెప్పేవారు పంటినొప్పి తగ్గిన సంగతితో మొదలుపెట్టి, మేనమామ పెళ్ళి మీదుగా నడిచి, మళ్ళీ పంటినొప్పి దగ్గరికి చేరేవారు. ఈలోగా వంటగదిలో అందరికీ వండిన అన్నం చల్లారిపోయేది. ఒకనాడు సంఘకాపరి అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, “తమ్ముడూ, నీకు రాసే పని తెల్సు గదా. దీన్ని కొంచెం దారిలో పెట్టు లా” అన్నారు. (మా మలేషియాలో ఏ భాష మాట్లాడినా చివర ఆ ‘లా’ తగిలించనిదే మాట పూర్తి కాదు.) ‘కొంచెం’ అన్నారు. అన్నీ రాసుకునే నేను ఆ ఒక్క మాట మాత్రం రాసుకోలేదు.

వారం తిరిగేసరికి కృతజ్ఞతల రిజిస్టరు తయారైంది. ఒక్కొక్కరికి ఒక పేజీ, పేజీకి నాలుగు గళ్ళు. మేలు ఏదో శుక్రవారంలోగా చీటీ మీద రాసి ఇవ్వాలి. అది కొత్తదై ఉండాలి. ఒకసారి చెప్పినది మరల చెప్పరాదు. మొదటి ఆదివారం అంతా గడియారంలా నడిచింది, రబ్బరు మామ్మ లేచేవరకు. బటాంగ్ బెర్జుంటై తోటలో వయసంతా రబ్బరుపాలు తీసి, ముసలితనంలో కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి ఆమె. రాయడం రాదు కాబట్టి చీటీ లేదు. ఎప్పటిలాగే చేతులు జోడించి, “ప్రభువా, ఈ దినం లేసినాను. కాళ్ళు ఆడతన్నాయి. నీళ్ళు తాగినాను. నీకు స్తోత్రం” అంది.

నేను లేచాను. “మామ్మా, ఇది పోయిన వారమే చెప్పారు. ఈ వారానిది ఏది?”

“ఇది ఈ వారానిదే బాబూ.”

“అవే మాటలు కదా!” అని, ఆమె పేజీలో ‘పునరుక్తి. స్వీకరించబడలేదు’ అని రాసి, పైకి చదివాను. (చదవనవసరం లేదు. అయినా చదివాను.) మామ్మ గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

ఆ తరువాతి రెండు ఆదివారాలు తలుపు పక్కన ఆమె చాప ఖాళీగా ఉంది. చీటీలు కూడా తగ్గుతూ వచ్చి, మూడో వారానికి రెండే మిగిలాయి. కృతజ్ఞతలు మూడు నిమిషాల్లో ముగిశాయి. వంటగదిలో బియ్యం ఇంకా కడగనేలేదు. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూస్తూ కూర్చున్నాం. అయ్యగారు రిజిస్టరు తిరగేసి, “జ్వరమొచ్చినా మానని మనిషి మామ్మ. నువ్వే పోయి పిలువు. ఆవిడ రాకపోతే ఈ పుస్తకం మూసేద్దాం” అన్నారు. ఒక పేజీ దగ్గర ఆగి, “ఇది నీ పేజీ గదా తమ్ముడూ? ఇందులో ఏటీ లేదే?” అని అడిగారు. గళ్ళు మాత్రం చాలా తిన్నగా గీశాను.

శనివారం మధ్యాహ్నం, నా వాదనను మూడు పేరాలుగా కాగితం మీద పెట్టుకుని, మండుతున్న మనసుతో ఆమె ఇంటికి వెళ్ళాను. “కోపం వచ్చి మానేశారా మామ్మా?” అన్నాను.

“కోపమేటి బాబూ! కొత్తది దొరకలేదు. వారమంతా ఎతికినాను. దేవుడు పాతదే ఇస్తన్నాడు, నానేటి సేసేది? రోజూ లేపుతన్నాడు, రోజూ నీళ్ళిస్తన్నాడు. లేనిది సెప్తే అబద్దం గదా లా.”

నా మూడు పేరాల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె నిజంగానే వెతికింది. నా గడి నింపలేక, తనకు దేవుని ముందు నిలబడే అర్హత పోయిందనుకుంది.

“నువ్వేటి సెప్పినావు?” అని అడిగింది. నేను నసిగాను. “ఊరందరి పెట్టెలూ ఇప్పి సూసినావు, నీది ఇప్పలేదేటి?” అని నవ్వి, గ్లాసుతో కాఫీ చేతిలో పెట్టింది. “తాగు. రేపు నువ్వు ఇదే సెప్పు. నాను వస్తాను.”

మరునాడు ‘కొత్తదై ఉండాలి’ అన్న నిబంధనను ఎర్రసిరాతో కొట్టివేసి, తేదీ వేసి, సంతకం చేశాను. మామ్మ చాప మీద ఉంది. జీవితంలో మొదటిసారి కృతజ్ఞత చెప్పడానికి లేచాను. “నిన్న మామ్మ ఇంట్లో కాఫీ తాగాను. ప్రభువుకు స్తోత్రం” అన్నాను.

“అది నిన్నటిది బాబూ! సెల్లదు లా!” అంది మామ్మ తలుపు దగ్గర నుంచి. అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. తరువాత ఆమె లేచి తన నాలుగు మాటలూ చెప్పింది. ఆ రోజు అన్నం చల్లారింది. ఎంతసేపు ఆలస్యమైందో నా పుస్తకంలో లేదు.

మామ్మ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు నాకు ఆమె వయసు. నల్ల పుస్తకాలు పెరిగాయి. లిఫ్టు మీద, పక్కింటివారి కారు మీద ఫిర్యాదులు యథాప్రకారం రాస్తూనే ఉన్నాను. కానీ ప్రతి పేజీ పైన మొదటి పంక్తి ఒకటే: ‘లేచాను. కాళ్ళు ఆడుతున్నాయి. నీళ్ళు తాగాను. స్తోత్రం.’ మొన్న ఆదివారం సైబర్‌జయ నుంచి వచ్చిన మనవరాలు అది చూసి, “తాతా, డైలీ సేమ్ కదా? కాపీ పేస్ట్ చెయ్యి లా” అంది. నాకు ఒళ్ళు మండింది. “నేను ఒకసారి లేచి మిగిలిన రోజులకు కాపీ చేసుకుంటున్నానా? రోజూ విడివిడిగా లేవడం లేదూ?” అన్నాను. అది పడీ పడీ నవ్వింది.

ఆ పేజీలో ‘మనవరాలు నవ్వింది’ అని రాసి, పక్కన ‘కొత్తది’ అని గుర్తు పెట్టబోయాను. అలవాటు కొద్దీ వెనక్కి తిరగేసి చూస్తే, అంతకుముందు వారం కూడా నవ్వినట్లు ఉంది. పునరుక్తే. స్వీకరించాను.