బోరు మైసమ్మ ఊపిరి

అది 2022 మే నెల. సోలార్ పంపులు బిగించే పనిలో చేరి నాకు ఆరేళ్లయింది. గోదాం జనగామలో, ఇల్లు మహబూబాబాద్‌లో, పని మాత్రం ఎక్కడ బోరుంటే అక్కడ. ఆ వారం భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలంలోని ఒక ఊరికి వెళ్లాను.

అంతకుముందు తొమ్మిదేళ్లు బోర్లు పొడిచే డ్రిల్లింగ్ రిగ్గు మీద పనిచేశాను. నేల కింద బొగ్గు ఉందా, గ్యాస్ ఉందా అని వెతికే బోర్లు అవి. వందల మీటర్ల లోతు నుంచి రాయిని గుండ్రటి కర్రలా కోసి పైకి తీస్తాం. దాన్ని కోర్ అంటారు. కోర్‌ను పెట్టెల్లో పేర్చి పంపేస్తే రైతుకు మిగిలేది బొక్క ఒక్కటే. దాన్ని అడుగు నుంచి పైదాకా సిమెంటుతో నింపాలి, అది ప్లగ్గింగ్. పెద్ద సార్లు వచ్చి ఫొటోలు దిగేది కోర్ దగ్గర. ప్లగ్గింగ్ నాటికి మా ముఖం చూసేవాడు కూడా ఉండడు.

నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య వాదం నడుస్తోంది. భూమి ముసలామె లచ్చవ్వ పేరు మీద ఉంది. వాదించుకుంటున్నది ఆమె కొడుకు రవీందర్, కోడలు సునీత.

"మన దిక్కు నేల కింద గ్యాస్ ఉన్నదట. వానకాలం పోయినంక సర్వే సార్లు వస్తమన్నరు. గిప్పుడు గీ సోలార్ పలకలు పాతుకుంటే రేపు మల్ల పీకుడేనాయె," అన్నాడు రవీందర్.

"గ్యాస్ ఒక్కపారి తీస్తే అయిపాయె. ఎండ రేపు గూడ వస్తది," అంది సునీత.

"మబ్బు పడితే నీ ఎండ ఏడికి పోతది?"

"మబ్బు పడి వాన కొడితే మోటరెందుకు?"

నాకు నవ్వొచ్చింది. కానీ రెండు వైపులా కూలి తిన్నవాడిని, ఎవరినీ తప్పు పట్టలేను. సునీత ఇంట్లో పొయ్యి వెలిగేది కూడా సిలిండర్‌తోనే.

"మీ లొల్లి మైసమ్మ తెంపుతది," అని లచ్చవ్వ చెప్పులేసుకుని నన్ను పొలానికి తీసుకెళ్లింది.

పొలంలో, సోలార్ స్టాండు కోసం వాళ్లు చూపించిన చోటికి ఇరవై అడుగుల దూరంలో, మోకాలెత్తు ఇనుప గొట్టం ఒకటి నేలలోంచి లేచి ఉంది. నిండా పసుపు, కుంకుమ బొట్లు, వేపమండలు. పక్కన ప్రమిదలో దీపం. పొద్దు కొంచెం వాలింది. చుట్టూ ఒక్క ఆకు కదలడం లేదు.

"గీమెనే మా బోరు మైసమ్మ. జర చెవి పెట్టు బిడ్డా," అంది.

పెట్టాను. లోపల ఎవరో పడుకుని నిద్రపోతున్నట్టు, ఆగకుండా పొడుగాటి ఊపిరి. గొట్టం మీది రేకు మూత పగిలిన చోట నా చెంపకు చల్లగా తగిలింది.

"పొద్దుగాల లోపటికి గుంజుకుంటది, మాపటికి ఊదుతది. వాన ముందట మస్తు జోరుగ ఊదుతది. పన్నెండేండ్ల సంది ఒక్కనాడు గూడ అబద్ధం చెప్పలే. ఊరంత గీమెనడిగే ఇత్తనాలు ఏస్తరు."

ఆమె దీపాన్ని దగ్గరికి జరిపింది. ఆ ఊపిరికి దీపం ఆరిపోవాలి. ఆరలేదు. మంట జానెడు పొడుగు సాగింది, అంచు నీలంగా మారింది. వాసన ఏమీ లేదు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

గట్టు పక్కన ఇటుకల కుప్ప, ఇనుప తలుపు కనిపించాయి.

"శుక్రవారం నాటికి గీమె సుట్టూ గుడి లేస్తది. తలుపు పెడితే గాలికి దీపం కొండెక్కదు," అంది లచ్చవ్వ. "తొలి దీపం నేనే పెట్టాలె."

గొట్టం మీద పసుపును బొటనవేలితో గీరాను. కింద వెల్డింగు రాడ్డుతో రాసిన బోరు నంబరు బయటపడింది. అందులో ఏడు అంకెకు నడుమ అడ్డగీత. మా సైటులో ఏడుకు నడుము కట్టేవాణ్ని నేనొక్కణ్నే.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. ఈ బోరు మూయాల్సిన రోజు సిమెంటు తెచ్చే ట్రాక్టరు బురదలో దిగబడింది. రిగ్గు మధ్యాహ్నానికల్లా కదలాలి. సూపర్‌వైజర్ కానిచ్చెయ్యమన్నాడు. గోనె సంచులు కుక్కి, పైన రెండు బస్తాల సిమెంటు పోసి, రేకు మూత వెల్డింగు చేశాను. బోరు వివరాలు రాసే లాగ్ బుక్కులో మాత్రం 'పూర్తిగా సిమెంటుతో నింపబడినది' అని రాసి సంతకం పెట్టాను. నా చేతిరాత మంచిదని ఆ బుక్కు నాకే ఇచ్చేవాళ్లు.

"ఏమైంది బిడ్డా?" అని లచ్చవ్వ అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. రేపొస్తానని చెప్పి వెళ్లిపోయాను. సిగ్గుగా ఉంది ఇప్పటికీ.

బొగ్గు గనిలో పనిచేసే స్నేహితుడికి ఫోన్ చేస్తే నా అనుమానమే వాడూ చెప్పాడు. బయటి గాలి బరువు పొద్దున పెరుగుతుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది, వాన ముందు మరీ తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా బొగ్గు పొరల్లోని గ్యాస్, కుళ్లిన గోనె సంచుల సందుల్లోంచి పైకొస్తుంది. మైసమ్మ వాన సంగతి నిజమే చెప్పింది. కానీ ఆరుబయట మంట పొడుగు సాగించే గ్యాస్, నాలుగు గోడల మధ్య నిండితే అగ్గిపుల్ల చాలు. ఆ అగ్గిపుల్ల లచ్చవ్వ చేతిలో ఉంటుంది.

చెబితే నా దొంగ సంతకం బయటపడుతుంది. గ్యాస్ ఉందని రవీందర్‌కు సాక్ష్యం దొరుకుతుంది, సునీత సోలార్ ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఆ గొయ్యి నేను తవ్విందే.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ముందు దీపం తీయించాను. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిని గొట్టానికి బోర్లించి కట్టాను. తొమ్మిదింటికి సంచి లోపలికి పీక్కుపోయి రేకుకు అతుక్కుంది. ముగ్గురినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. పన్నెండు దాటాక సంచి మెల్లగా కదిలింది. మూడింటికి కడుపులా ఉబ్బి నిలబడింది. సునీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మొత్తం చెప్పాను. గోనె సంచులు, రెండు బస్తాలు, సంతకం.

లచ్చవ్వ గొట్టాన్ని చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"అంటే నేను గిన్నేండ్లు మొక్కింది నీ తప్పుకా, బిడ్డా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

రవీందర్ మెల్లగా అడిగాడు: "అంటే అన్నా, గ్యాస్ ఉన్నట్టేగద?"

"ఉంది," అన్నాను. ఆ రోజు ఇంకో అబద్ధం చెప్పే ఓపిక లేదు.

లచ్చవ్వ లేచి ప్రమిదను కొంగులో చుట్టుకుంది. "సర్వే సార్లొస్తే నా దగ్గరికి తోలుకరా. పాత బొక్కలు ఏడేడ పొడిచిండ్రో సూపియ్యమను. అన్ని మూసినంకనే కొత్తదాని మాట."

తప్పు నాదేనని రాసి పాత డ్రిల్లింగ్ ఆఫీసులో కాగితం ఇచ్చాను. రిగ్గు రావడానికి రెండు నెలలు పట్టింది. అందాకా గొట్టం చుట్టూ ముళ్లకంప వేసి, అటువైపు బీడీ కూడా ముట్టనివ్వలేదు రవీందర్. సంచులు పెకలించి అడుగు నుంచి సిమెంటు నింపుతుంటే లచ్చవ్వ వచ్చి గొట్టానికి చెవి ఆనించింది. సిమెంటు పైకొచ్చేదాకా తీయలేదు.

"సప్పుడు బందైంది," అంది. చెప్పులేసుకుని ఇంటిదారి పట్టింది.

ఆ ఏడే సోలార్ బిగించాను. వానల తర్వాత సర్వే వాళ్లు వచ్చారు, లచ్చవ్వ అడిగిందే అడిగింది. వాళ్లు పాత లాగ్ బుక్కు నకలు తీసి చూపించారట. అన్నీ పూర్తిగా నింపబడినవే, చక్కటి చేతిరాతలో. ఆమె కాగితాన్ని మడిచి తిరిగి ఇచ్చేసిందట.

డ్రిల్లింగ్ మంచిదా, సోలార్ మంచిదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్కటే. తీసుకున్న చోట మూయకపోతే పని అయిపోయినట్టు కాదు. పాడైన పలకలు ఎక్కడికి పోతాయని మా గోదాంలో అడిగి తిట్లు తింటున్నది కూడా అందుకే.

అలా సంచులు కుక్కి మూసిన బోర్లు ఇంకో పది గుర్తున్నాయి. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కోదాన్ని వెతుకుతున్నాను. మొన్న అయిదోదానికి వెళ్లాను. పత్తి చేను ఉండాల్సిన చోట కొత్త ఇల్లు ఉంది. మధ్యాహ్నం మూడయింది. తలుపు కొడితే ఒకామె పిండి చేతులతో వచ్చింది.

"అక్కా, మీ పొయ్యి ఏ మూలకున్నది?" అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి అంది:

"ఎందుకన్నా, నీకు గూడ గా ఊపిరి ఇనవడ్డదా?"