ఆంటీ చెరువు మీద అడుగేసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటి తాళంచెవి నా మెడలోనే ఉండేది. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం; స్కూల్ బస్సు దిగి, తలుపు తీసుకుని, టీవీ పెట్టుకుంటే అదే నాకు తోడు. నాన్న ఉద్యోగం వేరే రాష్ట్రంలో. అమ్మ ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. పధ్నాలుగేళ్ళు వచ్చేనాటికి కోపం నా ముక్కు మీద కాపురం పెట్టేసింది. స్కూల్లో ఒకమ్మాయిని తోసి పడేశాను కూడా.

మా ఇళ్ళ వెనక చిన్న చెరువు ఉండేది. చలికాలం చివర్లో, పైన కట్టిన మంచు కరుగుతున్నప్పుడు దాని మీద నడవడం నాకు సరదా. కాలి కింద పగిలే చప్పుడు వింటే గుండె జల్లుమనేది. ఆ ఒక్క క్షణం ఒంటరితనం గుర్తుండేది కాదు. పడితే అడిగేవాళ్ళెవరులే అని మొండితనం.

పక్కింటి ఆంటీ మాత్రం అప్పుడప్పుడు పిలిచి పెరుగన్నం పెట్టేది. ప్రశ్నలు వేసేది కాదు. తినేసి, థాంక్స్ అయినా చెప్పకుండా వచ్చేసేదాన్ని.

ఒక సాయంత్రం నేను చెరువు మధ్యకు వెళ్తుంటే వెనక టపటపమని చెప్పుల చప్పుడు. చూస్తే ఆంటీ! నైటీ మీద కోటు, సాక్సుల మీద హవాయి చెప్పులు. ఈత రాదు, మెట్లెక్కితేనే ఆయాసం. అలాంటి మనిషి గట్టు దిగి మంచు మీద అడుగేసింది.

"ఆంటీ, స్టాప్! ఐస్ బ్రేక్ అవుతుంది!"

"నీకు బ్రేక్ అవ్వదా? పద, నేనూ వస్తా."

ఇంకో అడుగు వేసింది. ఫెళ్ళుమంది. ఒక కాలు మోకాలిదాకా నీళ్ళలోకి దిగిపోయింది. నాకు సరదా అనిపించిన ఆ చప్పుడే ఆవిడ కాలి కింద వినబడేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడుస్తూ, పాక్కుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టు మీదికి లాగాను. ఆవిడంటే నాకంత ఇష్టమని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇంటికొచ్చాక కాలు తుడుచుకుంటూ, భయమేసిందా అని అడిగింది. తల ఊపాను.

"కిటికీలోంచి నిన్ను చూసినప్పుడల్లా నాకూ అంతేనమ్మా."

నేనెవరికీ పట్టననుకుంటూ నడిచిన ప్రతిసారీ ఆ కిటికీలో ఆవిడ ఉందన్నమాట.

కోపం ఆ ఒక్కరోజుతో పోయిందంటే అబద్ధం. ఇప్పుడు నా జుట్టు నెరిసింది, ఆవిడ లేదు, ఇంట్లో నేనొక్కదాన్నే. ఇక్కడి చలికాలాలు ఇప్పటికీ పొడుగే. అయినా కారు వేగం పెంచబోయినా, ఎవరి మీదైనా నోరు చేసుకోబోయినా ఆ హవాయి చెప్పుల చప్పుడు నా వెనకే వస్తున్నట్టుంటుంది. ఆవిడ పడిపోతుందేమోనని ఆగిపోతాను.