ఎవరికీ చెప్పొద్దన్న అత్త

మందుల షాపులో కొన్న పరీక్ష పుల్ల మీద రెండు గీతలు కనబడిన ఉదయం, మొదట మా ఆయనకు చెప్పాను. ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. నవ్వాలో లేవాలో తెలియక, తెగని పోగును ముడివేయబోయాడు. తర్వాత అత్తకు చెప్పాను. ఆమె వెంటనే తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"మూన్నెల్లు నిండేదాకా ఎవురికీ సెప్పొద్దు. మీ అమ్మకు గూడా. దిష్టి తగుల్తాది."

సరేనన్నాను. గంట తర్వాత కుళాయి దగ్గరికి పోతే ఎదురింటామె నా చేతిలోని బిందె లాక్కుంది.

"నువ్వు మోయగూడదమ్మే. మీ అత్త సెప్పింది. నేనెవురికీ సెప్పనులే."

మధ్యాహ్నం కూరగాయలామె నన్ను చూడగానే బండి మీది బొప్పాయిలను గోనెసంచితో కప్పేసింది. సాయంత్రానికి ఎమ్మిగనూరులోని మా వీధి వీధంతా ఆ రహస్యాన్ని ఎంతో జాగ్రత్తగా కాపాడుతోంది. ఆదోని నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఈ మాట మా పక్కింటామె సెప్తే నేను వినల్లనా? నేను నీ తల్లినా, కాదా?" అని ఏడ్చింది. అత్తను అడిగితే, "నేను ఒకరికే సెప్పినా" అంది. ఒక్కొక్కసారికి ఒకరికే అని ఆమె భావం కాబోలు.

ఆ వారం నుంచే వాంతులు. పడుగుకు పెట్టే గంజి వాసన వస్తే చాలు, పెరట్లోకి పరుగు. నా పరుగును బట్టి ఆడపిల్లో మగపిల్లాడో తేల్చడానికి అరుగుల మీద ఆడవాళ్లు రెండు పార్టీలయ్యారు. మా ఆయన ఫోన్లో చదివి, "ఈ వారం సెనగ్గింజంత ఉంటాదంట" అని సంతోషంగా చెప్పాడు. సెనగ్గింజ మోయలేక మంచం పట్టిన నేను ఆయన వైపు చూశాను. ఆయన మళ్లీ గుంతలోకి దిగాడు.

అత్తా నేనూ బస్సెక్కి ఆదోనికి స్కానింగుకు వెళ్లాం. డాక్టరమ్మ చాలాసేపు చూసి, "గుండె కొట్టుకోవడం ఇంకా కనబడలేదు. తేదీల తేడా అయ్యుండొచ్చు. పది రోజులాగి రండి" అంది.

తిరుగు బస్సులో అత్త స్కానింగు కాగితాన్ని చిన్నగా మడిచి బొడ్లో దోపుకుంది. వీధిలో అడిగినవాళ్లందరికీ "బాగుంది" అని మాత్రమే చెప్పింది. నాలుగో రోజు నా మంచం పక్కన కూర్చొని రాట్నంతో నూలు కండెలు చుడుతూ, తలెత్తకుండా అంది:

"నాకూ రెండు పోయినాయమ్మే. మీ ఆయనకు ముందు."

ఆ సంగతి మా ఆయనకే తెలియదు. గంటసేపు నా కబురు దాచలేని మనిషి, తన కబురును ఇన్నేళ్లు దాచుకుంది.

"మాయత్త ఎవురికీ సెప్పొద్దనింది. సెప్పల్యా. పోయినంక, ఏడ్సేకి గూడా ఎవురూ తోడు ల్యాకపాయె. ఎవురికీ తెల్దు గదా! నీకట్ల గాగూడదని సెప్పినా."

"మరి నన్నెందుకు చెప్పొద్దన్నావు అత్తా?"

"పెద్దోళ్ల మాట గదమ్మే, అనల్ల."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆమె రాట్నం ఆపి, నా పాదాలు ఒళ్లో పెట్టుకొని ఒత్తుతూ కూర్చుంది.

పదో రోజు మళ్లీ ఆదోనికి వెళ్లాం. డాక్టరమ్మ తెర మా వైపు తిప్పింది. నల్లటి మచ్చలో ఒక చుక్క గబగబా మిణుకుమంటోంది. అత్త కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"అదేనా తల్లీ?"

"అదేనమ్మా. గుండె బాగా కొట్టుకుంటాంది."

"ఇంగొకసారి సూపీ."

బయట వరండా నిండా జనం, తలుపు దగ్గర నర్సు గొణుగుతోంది. డాక్టరమ్మ మళ్లీ చూపించింది. అత్త స్టూలు లాక్కొని కూర్చుంది.