మోంటెపుల్చానోకు సాక

పెగడపల్లి సారయ్య తాటిచెట్టు మీదికెళ్లి పడ్డ సంది ఎడమకాలు ఈడ్చుకుంట నడుస్తడు. ఇరవై ఏండ్లు కల్లు గీసినోడు. ఇగ చెట్టెక్కద్దని డాక్టర్ చెప్పిండు. ఇల్లెట్ల గడవాలె అని పెండ్లాం రాధమ్మ నెత్తి పట్టుకుంటే, దేవుని లెక్క అచ్చిండు మెట్‌పల్లి రంజిత్. వరుసకు అల్లుడు, ఇటలీల ద్రాక్షతోటకు మేస్త్రి.

"చెట్టెక్కుడు లేదు మామా. పందిరి కింద నిలవడి గుత్తులు కోసుడే. నీ చేతికి అదెంత?" అన్నడు.

నిజంగనే అదెంత! మోంటెపుల్చానో అని నల్లద్రాక్ష. బీరపాదు తీర్గ నెత్తి మీది పందిరికి పాకుతది. మొండిది, అక్టోబర్ దాక పండది. కోస్తే చేతులు వారం దాక నల్లగనే ఉంటయి. మెడ పైకెత్తి కత్తి ఆడిచ్చుడు గీతగానికి ఒకలు నేర్పాల్నా? సారయ్య ఇటలీ పోయిండు. ఆయన కోత చూసి తోట ఆసామి, ముసలి సేటు ఎన్జో మురిసిండు. పైయేడు గూడ పిలుస్తనన్నడు. ఆ ఒక్క మాట మీదనే సారయ్య పాణమంత. కుంటి కాలోనికి ఇంకో పని ఎవలిస్తరు?

కోత ఆఖరుదినం పగటి బువ్వకాడ సేటు అందరికి తన ఇంటి ఎర్ర వైన్ వోసిండు. అదేం పండుగ సరుకు గాదు, మనకు కల్లున్నట్టు ఆళ్లకు రోజు బువ్వల ఉండేదే. సారయ్య ఎల్లమ్మ తల్లిని తలుసుకొని మొదలు ఇంత నేల మీద ఒంపిండు. తల్లికి సాక వోయకుంట తాగినోడు గౌండ్లోడైతడా? తర్వాతనే తాగిండు. వగరుగ, పుల్లగ మంచిగున్నది.

సేటు మొఖం మాడిపోయింది. రంజిత్ దిక్కు తిరిగి ఏందో అడిగిండు. రంజిత్ ఏందో చెప్పిండు. సేటు సారయ్య చేతిల గ్లాసు గుంజుకొని లోపటికి పోయిండు.

"ఏమాయె అల్లుడా?"

"ఏం లేదు మామా, ముసలోనికి తిక్క."

సారయ్య నమ్మిండు. నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయని ఊకెనే అన్నరా!

ఊరికచ్చి ఏడాది చూసిండు, పిలుపు రాలే. ఓనాడు కోరుట్ల బస్టాండ్ల రంజిత్ తమ్ముడు చందు ఎదురువడ్డడు. చేతిల ఇటలీ వీసా. అదే తోట, అదే సేటు. చందు కల్లాకపటం లేనోడు, ఉన్నదున్నట్టు చెప్పిండు.

"ఆడ సాక మాత్రం వోయద్దని మా అన్న ఒట్టేయించుకున్నడు మామా. ఇంతకుముందు ఎవలో వోస్తే, నీ వైన్ బాగలేదని పారవోసిండని అన్ననే సేటుకు చెప్పిండట. ఇగ ఆయనను మల్ల పిలువలేదట."

సారయ్య చందుకు ఇనవడకుంట దూరం పోయి రంజిత్‌కు ఫోన్ కొట్టిండు.

"ఒరేయ్, సాకంటే ఏందో నీకు తెల్వదారా? మీ నాయిన వోయలేదా, మీ తాత వోయలేదా?"

"తెలుసు మామా."

"మరి గట్లెట్ల చెప్పినవురా?"



"సేటు ఒక్కన్నే మల్ల పిలుస్తనన్నడు. మా చందు ఖాళీగున్నడు."

తిడుదామని నోరు తెరిచిండు గని తిట్టు రాలే, ఏడుపచ్చింది. బస్టాండ్ల అందరి ముందట సారయ్య బోరున ఏడ్చిండు. చందు ఉరికచ్చి భుజాలు పట్టుకున్నడు.

"అయ్యో, ఎవలు సచ్చిపోయిండ్రు మామా?" అని అడుగుతున్నడు.