గొడుగుల ఇంటి మూడో తమ్ముడు

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు మనిషి ఒక్కడైనా లేని ఇల్లు ఉండదు. గొడుగులు బాగుచేసుకుని బతికే ఆ ఇంట్లో మాత్రం ఆ నెయ్యి మరీ ధారాళం. వాళ్ళ ముత్తాత రాజుగారికి గొడుగు పట్టాడట. ఏ రాజు అని అడక్కూడదు. అడిగితే ఆ ఇంటికి పెద్దయిన పెదనాన్నకి కోపం వస్తుంది. కోపమొస్తే ఆయన కథంతా మొదటినుంచీ ఎత్తుకుంటాడు. ఒకసారి విన్నవాడు మళ్ళీ ఈ జన్మలో ప్రశ్న వెయ్యడు.

ఆ కొట్టులో పీట ముందు కూర్చుని పని చేసేది మాత్రం పెదనాన్న కాదు, ఆయన కొడుకూ కాదు. చనిపోయిన తమ్ముడి కూతురు. వీధిలో అందరికీ ఆమె గొడుగక్క. తండ్రికి చూపు మందగించిన రోజుల్లో ఆయన చేతిలోంచి సూది అందుకుంది. అప్పటికింకా జడలో రిబ్బను ఉండేది. ఇప్పుడు చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, బస్సు నడిపే మొగుడు వానాకాలం అంతా "నీకు నాకంటే గొడుగులే ఎక్కువ" అని సణిగాడు. సూది మాత్రం చేతిలోంచి దిగలేదు. విరిగిన పుల్ల, తుప్పుపట్టిన స్ప్రింగు, ఊడిన పిడి, చిరిగిన గుడ్డ, ఏది తెచ్చినా ముందు గొడుగు యజమానిని ఒక మాట అని ఆ తరవాత పనిలోకి దిగేది. "దీన్ని గాలిలో తిప్పారా, గాడిద మీద వేశారా?" అనేది. ఆ చీవాట్ల కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉన్నారని పక్క కొట్టు తాళాలాయన అంటాడు.

ఆ ఇంటికి ఒక ముడి ఉంది. గొడుగు గుడ్డని పుల్ల కొసకి కుట్టేటప్పుడు దారాన్ని రెండుసార్లు లోపలికి తిప్పి, మూడోసారి ఎదురు తిప్పి, కొసని గుడ్డ మడతలోకి దాచేస్తారు. బయటికి ఏమీ కనిపించదు. ఊళ్ళో మిగతా వాళ్ళ కుట్టు బొడిపెలా పైకి తేలుతుంది, మూడు గాలివానలకి తెగుతుంది. ఇది తెగదు. రక్తసంబంధం ఉన్నవాళ్ళకి తప్ప నేర్పకూడదని నియమం. పెదనాన్న చేతులు వణుకుతున్నాయి కాబట్టి ఆయన కట్టలేడు. ఆయన కొడుక్కి నేర్చుకునే ఓపిక లేదు. ఇక మిగిలింది గొడుగక్క ఒక్కతే.

ఇంతకీ పెదనాన్న కథ ఇది. ముగ్గురు అన్నదమ్ములు ఒక్క సంచీ పనిముట్లతో నడుచుకుంటూ ఈ ఊరొచ్చారు. పెద్దవాడు కుంటివాడు. రాజుగారి గుర్రం తన్నింది మరి. రెండోవాడు లెక్కల మనిషి. మూడోవాడు, అందరికంటే చిన్నవాడు, పనిలో అసాధ్యుడు. ఆ ముడి కనిపెట్టిందే అతను. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఏ దేశంలోనో పెద్ద ఫ్యాక్టరీ పెట్టే ఉంటాడు. అక్కడ మన వాటా మూలుగుతూనే ఉంటుంది.

వంశాల కథలు వినే అలవాటున్నవాళ్ళకి ఈ మూడో తమ్ముడు పాత చుట్టమే. ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఒకడు ఇక్కడ స్థిరపడతాడు, ఒకడు ఇంకో వైపు వెళ్తాడు, మూడోవాడు గల్లంతవుతాడు. ఎక్కడికి పోయాడో తెలియదు గానీ ఎంత గొప్పవాడయ్యాడో మాత్రం అందరికీ తెలుసు! అతన్ని ఎందుకు పుట్టించారో, ఏం కప్పిపుచ్చడానికి ఓడెక్కించారో ఎవరూ అడగరు.

ఆ ఏడాది పెదనాన్న కొడుకు, అంటే గొడుగక్కకి అన్నయ్య, కొట్టు గోడమీద వంశవృక్షం వేయించడం మొదలుపెట్టాడు. పెయింటరు నిచ్చెనెక్కి మూడు పెద్ద కొమ్మలు వేశాడు. మూడో కొమ్మకి ఆకులు లేవు, కింద ఓడ బొమ్మ. మిగతా కొమ్మలకి ఆకులు, ఆకుకొక పేరు. గొడుగక్క సూది పట్టుకునే మెడ ఎత్తి చూసింది. తండ్రి ఆకు ఉంది. దాని కింద ఉత్త గోడ.

"అన్నయ్యా, మా నాన్న కింద ఖాళీ వదిలేశారేం?"

"బాబాయికి మగపిల్లలు లేరు కదే."

"మరి నేను?"

"నువ్వు మీ ఆయన చెట్టుకి కాస్తావు," అని నవ్వాడు అన్నయ్య. పెయింటరు కూడా నవ్వబోయి, కిందనుంచి పడిన చూపుకి మానుకున్నాడు.

అప్పుడు పెదనాన్న గొంతు సవరించుకుని అసలు విషయం బయటపెట్టాడు. గోడ పూర్తయిన రోజున బంధువులందరినీ పిలిచి కొట్టు కొడుక్కి అప్పజెప్తాడట. కొడుకు దాన్ని బాగుచేసే కొట్టుగా కాక కొత్త గొడుగులూ సంచులూ అమ్మే షాపుగా మారుస్తాడట. పీట తీసేసి అద్దాల బీరువా పెడతారట.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది గొడుగక్క.

"నువ్వు ఎన్నాళ్ళు కష్టపడతావమ్మా," అన్నాడు పెదనాన్న, ఎంతో ప్రేమగా. "ఇది అన్నదమ్ముల కొట్టు. మొదటినుంచీ అన్నదమ్ములే నడిపారు. మన వంశంలో ఆడది పీటమీద కూర్చున్నది లేదు. మీ నాన్న ఏదో ముచ్చటపడ్డాడు, నేనూ ఊరుకున్నాను."

ఊరుకున్నాడట! ఇన్నేళ్ళ అన్నం ఆ చేతిమీదే తిని, ఊరుకున్నానంటాడు పెద్దమనిషి. గొడుగక్కకి ఆ మాట గొంతుదాకా వచ్చింది గానీ, గిరాకీ నిలబడి ఉన్నాడు. దారం పళ్ళతో తెంపి పనిలో పడింది.

ఆ వారంలోనే ఒక కాలేజీ పిల్ల పాత నల్ల గొడుగు తెచ్చింది. పిడి వదులైంది, అంతే. గొడుగక్క అలవాటుగా తెరిచి పుల్లల కొసలు వేలితో తడిమింది. వేలు ఆగిపోయింది. గుడ్డ మడతలో దాచిన కొస. రెండు లోపలికి, ఒకటి ఎదురు. ఇంటి ముడే, కానీ తను కట్టినది కాదు. తన తండ్రి కట్టినదీ కాదు, ఆయన దారం ఇంకాస్త లాగి బిగించేవాడు.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"వంతెన అవతల ఒక మామ్మ ఉందండి. ఇప్పుడు కళ్ళు కనిపించక మానేసింది. అందుకే మీ దగ్గరికి వచ్చా."

ఆదివారం కొట్టు మూసిన రోజు గొడుగక్క వంతెన దాటింది. పాత ఇనుమూ గుజిరీ సామాన్లూ అమ్మే సందులో, మెట్ల కింద గది. వాకిట్లో కుర్చీ వేసుకుని ముసలావిడ కాళ్ళు చాపుకుని ఎండలో కూర్చుంది. పక్కన గోడకి ఆనించి పనికిరాని గొడుగు పుల్లల కట్ట ఉంది. గొడుగక్క తన సంచీలోంచి తను కుట్టిన గొడుగు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ముసలావిడ పుల్లలన్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆఖరికి అంది, "ఎవరమ్మా నువ్వు? ఈ కట్టు నాకూ మా అమ్మకీ తప్ప ఎవరికీ రాదే!"

"మీ అమ్మకి ఎవరు నేర్పారు?"

"మా అమ్మమ్మ. ఆవిడే మొదలు. ఇద్దరన్నల వెంట నడిచొచ్చి ఇక్కడ గొడుగుల పని పెట్టిందట. పెద్దాయన అవిటికాలు. నిచ్చెన మీదనుంచి పడ్డాడు, పాపం."

"గుర్రం తన్నలేదా?"

"గుర్రమెక్కడిదే, తినడానికే లేకపోతే!"

గొడుగక్క అక్కడే మెట్టుమీద కూలబడి పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఉంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలావిడ మిగతాదీ చెప్పింది. ముగ్గురూ ఒకే పీటకి మూడు వైపులా కూర్చుని పని చేసేవాళ్ళట. గిరాకీ పెరిగి కొట్టుకి బోర్డు పెట్టే రోజు వచ్చేసరికి, బోర్డుమీద అన్నల పేర్లే ఉన్నాయట. ఇంట్లో వంట చూసుకో, ఇక నీకెందుకీ పని అన్నారట. ఆవిడ సూదీ దారం కొంగున ముడేసుకుని వంతెన దాటిందట.

"ఆ అన్నలు తరవాత ఏమయ్యారని చెప్పేది మీ అమ్మమ్మ?"

"వరదలో కొట్టుకుపోయారమ్మా ఇద్దరూ. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే."

చూశారా తమాషా! వాళ్ళు ఈమెని ఓడెక్కించారు, ఈమె వాళ్ళని వరదలో ముంచింది. నడుమ ఉన్నది ఒక్క వంతెన. అడ్డొచ్చింది నీళ్ళు కాదు, మొహం చెల్లకపోవడం. చెల్లెల్ని గెంటేశామని చెప్పుకోలేక ఆమెకి మీసాలు పెట్టి తమ్ముణ్ణి చేశారు. గెంటించుకున్నానని చెప్పుకోలేక ఆవిడ ఇద్దరన్నలకీ నీళ్ళొదిలేసింది. ఆ అబద్ధాలు రెండు ఇళ్ళలోనూ తరాల తరబడి భద్రంగా పెరిగాయి.

"అయితే నువ్వు నాకు మేనకోడలి వరసే," అంది ముసలావిడ, గొడుగక్క ఇంటి కథంతా విని, వేళ్ళమీద తరాలు లెక్కేసి. "అత్తా అను."

"అత్తా, ఒకసారి మా కొట్టుకి రావాలి నువ్వు," అంది గొడుగక్క.

గోడ పూర్తయిన రోజు బంధువులు కొట్టు నిండా ఉన్నారు. పెదనాన్న కొత్త చొక్కా వేసుకుని ఓడ బొమ్మ కింద నిలబడి మూడో తమ్ముడి కథ మంచి రసపట్టుకి తెచ్చాడు. అప్పుడు గొడుగక్క ముసలావిడని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది.

"మూడో తమ్ముడు ఓడ దిగాడు పెదనాన్నా. తమ్ముడు కాదు, చెల్లెలు. ఇదిగో ఆవిడ మనవరాలు."

ముసలావిడ ఒక పుల్ల తీసుకుని, గుడ్డ ముక్క తీసుకుని, అందరూ చూస్తుండగా ఆ ముడి వేసి పెదనాన్న చేతిలో పెట్టింది. ఆయన వణికే వేళ్ళతో దాన్ని తడిమాడు. ఆయనకి తెలియని ముడి కాదు. ఈ ఒక్క మాటతో గోడమీద తన ఆకూ, గోడ కింద తన పీటా దక్కుతాయని నమ్మి వచ్చింది గొడుగక్క, పిచ్చిది.

పెదనాన్న పుల్ల కింద పెట్టాడు.

"సరే," అన్నాడు. "చెల్లెలే. అయితే ఏమైంది? అప్పుడూ ఆడపిల్ల బయటికే వెళ్ళింది. కొట్టు అన్నదమ్ములకే మిగిలింది. నేను చెప్పిందీ అదేగా!"

అన్నయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. బంధువుల్లో ఇద్దరు తలలు ఊపారు. నిజం చెప్తే చాలు, న్యాయం దానంతటదే కాళ్ళొచ్చి నడుస్తుందనుకుంటాం. కుర్చీలో కూర్చున్నవాడికి అబద్ధమూ పనికొస్తుంది, నిజమూ పనికొస్తుంది.

"వెళ్ళింది తమ్ముడూ," అంది ముసలావిడ. "వెళ్ళి ఇద్దరాడపిల్లల్ని ఈ పనిమీదే పెంచింది. నేను కళ్ళు పోయేదాకా కుట్టాను. వెళ్తే చచ్చిపోతామనుకున్నావా?"

గొడుగక్క ఒళ్ళంతా మంటెత్తిపోయింది. ఆ మంటలోనే ఏదో తేలికైంది. వంగి పీట కిందనుంచి తండ్రి సూదుల డబ్బా, పట్టకారు, దారపు ఉండ తీసుకుంది.

"అవి కొట్టువి," అన్నాడు అన్నయ్య.

"మా నాన్నవి. ఆకు కింద ఖాళీ వదిలావుగా, ఆ ఖాళీలోకి ఇవి నాకు వచ్చాయి." తరవాత పెదనాన్న వైపు తిరిగింది. "కొట్టు నీది పెదనాన్నా, ఉంచుకో. గోడా నీదే, గుర్రమూ నీదే. కానీ ఒక్కటి విను. ఆవిడ వంతెన దాటి వెళ్ళింది. నేను అంత దూరం కూడా వెళ్ళను. వీధి దాటుతాను."

అన్నట్టే దాటింది. ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణం అరుగుమీద, రేకు చూరు కింద, ఒక స్టూలు వేసుకుంది. తాళాలాయన పాత బల్ల ఇచ్చి, "మీ ఇద్దరి మధ్యా నాకు వినోదం" అన్నాడు. ముసలావిడ కొన్ని రోజులు వచ్చి పక్కన కూర్చునేది. ఏమీ కనిపించకపోయినా, వేళ్ళతో తడిమి "ఇది వదులు, విప్పు" అని మేనకోడల్ని తిట్టేది. మొదట్లో గిరాకీ రాలేదు. ఎండలు. గొడుగక్కకి ఏడుపొచ్చిన రోజులున్నాయి. వీధి ముందు ఏడవకూడదని పళ్ళు కరుచుకుని ఖాళీ పుల్లలకి గుడ్డ కుట్టి విప్పుతూ కూర్చునేది.

తొలి వాన పడిన రోజు, పాత గిరాకీ ఒకావిడ తడుస్తూ వచ్చి అద్దాల బీరువాల షాపులోకి దూరింది. చేతిలో తిరగబడిన గొడుగు. ఎప్పుడూ తిట్టే గొంతు కోసం చుట్టూ చూసి, "గొడుగక్క ఏదండీ?" అని అడిగింది. వీధి ఇరుకు. ఇవతలి అరుగుకి ప్రతి మాటా వినిపించింది.

"అయ్యో, ఆవిడకి చూపు పోయిందండీ," అన్నాడు అన్నయ్య, గొంతులో జాలి పోసుకుని. "పని మానేసింది. కూతురు దగ్గరికి వెళ్ళిపోయింది, ఇక రాదు. కొత్త గొడుగు చూపించమంటారా?"

గొడుగక్క చేతిలో సూది ఆగింది. ఇదన్నమాట! ముసలమ్మల నోళ్ళలో, పాతకాలంలో పుడతాయనుకుంది ఈ కథలు. పట్టపగలు, తన కళ్ళ ముందే పుడుతోంది ఒకటి. ఇప్పుడు ఊరుకుంటే, మనవళ్ళ కాలానికి దానికి కాళ్ళూ మీసాలూ కూడా మొలుస్తాయి.

లేచి చూరు కిందనుంచి వానలోకి వచ్చింది. వీధి నడిమధ్య, బురదలో నిలబడి, అద్దాలు అదిరేలా అరిచింది.

"అమ్మా! ఇటు చూడండి! నా చూపు మీ చీర అంచు పోగులు లెక్కపెట్టేంత బాగుంది. ఎక్కడికీ పోలేదు నేను, ఇక్కడే ఉన్నాను, చచ్చేదాకా ఇక్కడే ఉంటాను. ఆ గొడుగు ఇటు పట్టుకు రండి!"