నా చేతిలో పెట్టిన నీళ్ళు

మా మేనమామ పోయిన సోమవారం పొద్దున చనిపోయాడు. దాహంతో చనిపోయాడు. నీళ్ళు ఇవ్వనిది నేనే. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "కన్నబిడ్డ లెక్క చూసినవ్" అంటుంటే తల ఊపుతూ కూర్చున్నాను. ఇక్కడ మాత్రం అబద్ధం రాయలేను.

ఆయన ఆత్మకూర్ పక్క పల్లెలో పుట్టిన మేస్త్రి. మా ఊరి కూలీలను వెంటేసుకుని సముద్రం పనికి పోయేవాడు. కొత్తగా కట్టే పని కాదు, పాతవాటిని బాగుచేసే పని. ఓడలు ఆగే జెట్టీల కింది స్తంభాలను ఉప్పు తినేస్తుంది. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. కుళ్ళిన మేరకు చెక్కేసి, తుప్పు గీకి, మళ్ళీ సిమెంటు పోయాలి. అదీ సముద్రం వెనక్కి తగ్గిన నాలుగైదు గంటల్లోనే. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నా మొగుడు పోతే, "ఏడ్సుకుంట కూసుంటె ఎవడు వెడ్తడు, నడువ్" అని నన్నూ తీసుకుపోయాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. సుత్తితో స్తంభాన్ని కొట్టి, ఆ చప్పుడు విని "ఇది సచ్చింది, ఇది బతికుంది" అని తేల్చేవాడు. మనుషుల గురించి కూడా అదే గొంతుతో మాట్లాడేవాడు.

అక్కడ కళ్ళముందు అంత సముద్రం, తాగడానికి చుక్క లేదు. రోజుకొక ట్యాంకరు మంచినీళ్ళు వచ్చేవి. ముందు సిమెంటుకు, మిగిలితే మాకు. "మనిషి ఓర్సుకుంటడు, ఇనుము ఓర్సుకోదు" అనేవాడు. సిమెంటు, ఇసుక కలిపే మాల్‌కు నీళ్ళు పోసే ముందు, ఉప్పుందేమోనని డ్రమ్ములో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసేవాడు.

ఒకరోజు ట్యాంకరు రాలేదు. ఉన్న డ్రమ్ము కూడా సగానికి వచ్చింది. మా అత్త, అంటే ఆయన పెళ్ళామే, రేకుల షెడ్డులో జ్వరంతో పడి నీళ్ళు నీళ్ళు అంటోంది. రెండు చెంబులు ఆమెకు తాగించి, ఆ వెలితిని సముద్రపు నీళ్ళతో నింపాను. మా పాలమూరులో నీళ్ళంటే నీళ్ళే. అవి ఇనుమును చంపుతాయని నాకేం తెలుసు? ఆ పూట మామ ఇంజనీరుతో మాట్లాడుతూ ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే ఒక స్తంభానికి మాల్ పోసేశాం. ఆయన డ్రమ్ములో వేలు ముంచి, నాలికకు రాసుకుని, ఉమ్మేశాడు.

"ఎవరు వోసిండ్రు గీ నీళ్ళు?"

"నేనే మామా. అత్తకు జరమొచ్చింది, నీళ్ళడిగితే..."

"మీ అత్త బతికే ఉన్నది గద. గీ స్తంభం సచ్చింది. తియ్యి మొత్తం."

"వదిలెయ్ మేస్త్రీ, నీళ్ళలో మునిగేదే కదా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు ఇంజనీరు. మామ వినిపించుకోలేదు. ఎవరూ సాయం పట్టొద్దన్నాడు. గట్టిపడుతున్న మాల్‌ను ఉలితో, వేళ్ళతో గీకాను. సిమెంటు తిన్న చేతులకు ఉప్పునీళ్ళు తగిలితే ఎట్లుంటుందో మీకు చెప్పలేను. సముద్రం తిరిగొచ్చి నడుముదాకా ఎక్కింది. ఆయన నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాయం చేయలేదు, కదిలి పోనూ లేదు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను.

తెల్లారి నన్ను డ్రమ్ముల దగ్గరికి తీసుకుపోయి "ఇయ్యాల్టి సంది నీళ్ళు నీ చేతిల" అన్నాడు. ఆ చేతులు మానడానికి నెల పట్టింది. ఆ పనితోనే నేను మళ్ళీ మనుషుల్లో పడ్డాను. రెండూ నిజమే.

మామది ఏళ్ళ తరబడి ఎండలో దాహాన్ని అణచుకున్న ఒళ్ళు. ముందు అత్త పోయింది, తర్వాత ఆయన కిడ్నీలు పోయాయి. పిల్లలు లేరు. నేనే దవాఖానకు తిప్పాను. రక్తం కడిగే మిషిన్ మీద పెట్టిన మొదటిరోజు డాక్టరు, రోజుకు అర లీటరు, చాయ్‌తో కలిపి, అంతకుమించి చుక్క పోయొద్దన్నాడు. మామ నన్ను చూపించాడు. "గా కొలత దీని చేతిల వెట్టుండ్రి సారూ. ఒక్కపారి తప్పు జేసింది, మల్ల జెయ్యదు."

పది నెలలు చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి పోశాను. తడి తువ్వాల చప్పరిస్తుంటే లాక్కున్నాను. "నీ చేతులు వడిపోను" అని తిట్టాడు. ఒకనాడు బతిమాలితే, "మనిషి ఓర్సుకుంటడు గద మామా" అన్నాను. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నాకు హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి.

ఆయన పోయే ముందు శుక్రవారం డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఇంక ఇంటికి తీసుకుపోమ్మా. ఏది అడిగితే అది పెట్టండి. నీళ్ళకు కూడా లెక్క వద్దు." ఆ మాటకు అర్థం మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు.

ఆటోలో మామ అడిగాడు. "ఏమన్నడే డాక్టరు?"

"మంగళారం మల్ల మిషిన్ మీద వెడ్తరంట."

"మరి నీళ్ళు?"

"గదే కొలత, మామా."

"మంచిది" అని కళ్ళు మూసుకున్నాడు. ఆయన మొహంలో భయం తగ్గడం చూశాను. చెంబెడు నీళ్ళు చేతికిస్తే ఆ క్షణమే అన్నీ తెలిసిపోతాయి. కొలత ఉన్నంతసేపు ఆయనకు రేపు ఉంది. అందుకే మూడు రోజులూ అదే గ్లాసు పట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఇంకొక్క గుక్క అడిగాడు. రేపు పోస్తానన్నాను.

సోమవారం ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టాక, అయినవాళ్ళంతా వరసగా వచ్చి చెంచాతో నోట్లో నీళ్ళు పోశారు. నా వంతు వచ్చింది. చెంచా పక్కన పెట్టి చెంబు ఎత్తాను. నీళ్ళు పెదవి అంచున కారి, గడ్డం తడిసి, చాప కిందికి పోతున్నాయి. "సాలు బిడ్డా" అంది ఒక ముసలామె. చెంబు ఖాళీ అయ్యేదాకా నేను ఆపలేదు.